వచ్చి పోయే టకటక

ఇంట్లో శబ్దాల లెక్క మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అయినా మిక్సీలో పచ్చడి మెదిగిందో లేదో మోత వింటేనే తెలుస్తుంది. పోపులో ఆవాల చిటపట తగ్గగానే చెయ్యి దానంతటదే కరివేపాకు మీదకి వెళ్తుంది. వాషింగ్ మిషన్లో బట్టలన్నీ ఒక పక్కకి చేరి డబడబలాడితే పక్కగదిలోంచి లేచి వస్తాం. ఫ్యాను బేరింగు అరిగినా, పైన ట్యాంకు నిండి నీళ్ళు పోతున్నా ముందు వినేది మనమే.

ఇంతటి చెవి ఉన్నవాళ్ళం, కారెక్కేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తాం. "ఏదో టకటకమంటోందండీ" అని ఒకసారి అంటాం. "డీజిల్ బండి అలాగే ఉంటుందిలే" అని జవాబు వస్తుంది. మనం కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాం. మీ ఇంట్లో వేరేగా ఉంటే అదృష్టవంతులు. నాకు తెలిసిన చాలా ఇళ్ళలో ఇదే వరస.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డీజిల్ కారులో అప్పుడప్పుడూ వచ్చి మాయమైపోయే టకటకకి కారణం కనిపెట్టాలంటే మొదట కావలసింది స్కానరు కాదు, అద్దాల షోరూమూ కాదు. ఆ శబ్దం వచ్చినప్పుడు అక్కడే ఉండి, అది ఎప్పుడు మొదలైందో, ఏం చేస్తే ఆగిందో చెప్పగలిగే మనిషి. ఆ మనిషి చాలాసార్లు పక్క సీట్లో కూర్చున్న మనమే. మనం చెప్పకపోతే మెకానిక్ ఊహిస్తాడు. ఆ ఊహకి డబ్బు ఇంటి ఖర్చుల్లోంచే పోతుంది.

ఎప్పుడూ వచ్చే శబ్దమైతే గొడవే లేదు. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడా వస్తుంది, వాళ్ళే పట్టుకుంటారు. వచ్చి పోయేదే పేచీ పెడుతుంది. రాత్రంతా కడుపునొప్పి అని మెలికలు తిరిగిన పిల్లాడు డాక్టరు గారి గదిలో కుర్చీ మీద కాళ్ళూపుకుంటూ నవ్వుతాడు చూడండి, అచ్చం అలాగే. అప్పుడు డాక్టరు గారు పిల్లాడి పొట్ట నొక్కి చూసి వదిలెయ్యరు. ఏం తిన్నాడు, ఎంతసేపు ఏడ్చాడు, విరేచనం అయిందా, రాత్రా పగలా అని మనల్ని అడుగుతారు. మన జవాబులతోనే సగం వైద్యం నడుస్తుంది. కారు దగ్గర మాత్రం ఎవరూ మనల్ని ఆ ప్రశ్నలు అడగరు. మనమూ చెప్పం.

అలా కాకూడదంటే డీజిల్ ఇంజిన్ ఎందుకు టకటకలాడుతుందో కాస్త తెలియాలి. భయపడకండి, వంటింటి లెక్కే.

పెట్రోలు ఇంజిన్లో స్పార్క్ ప్లగ్ అని ఒకటుంటుంది, అది నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజిన్లో అది ఉండదు. గాలిని పదిహేనో ఇరవయ్యో వంతు చోటులోకి అదిమేస్తుంది. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగున వేడెక్కుతుంది కదా, అదే సూత్రం. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్‌ని సన్నటి తుంపరగా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ పద్ధతిలో నడిచే ఇంజిన్‌ని 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. ఆయన పేరే ఇంధనానికి మిగిలిపోయింది.

చిమ్మిన డీజిల్ ఆ క్షణంలోనే అంటుకోదు. ఒక చిటికెడు ఆలస్యం ఉంటుంది. గ్యాస్ పొయ్యి నాబ్ తిప్పి లైటర్ వెతుక్కుంటూ రెండు సెకన్లు ఆలస్యం చేస్తే ఏమవుతుంది? పోగైన గ్యాసంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. వెంటనే వెలిగిస్తే చడీచప్పుడు లేకుండా వెలుగుతుంది. డీజిల్ ఇంజిన్లో టకటక ఆ చిన్న భగ్గే. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజిన్లో అంటుకోవడం ఇంకాస్త ఆలస్యమవుతుంది కాబట్టి శబ్దం ఎక్కువ. వేడెక్కాక తగ్గుతుంది. డీజిల్ ఎంత చురుగ్గా అంటుకుంటుందో చెప్పడానికి సీటేన్ నంబరు అని ఒక కొలత ఉంది. మన దేశంలో బీఎస్-6 డీజిల్‌కి అది కనీసం 51 ఉండాలి.

పాత డీజిల్ జీపులు, వ్యాన్లు వీధి మలుపులో ఉండగానే వినిపించేవి. ఇప్పటి కార్లు అంత మోత చెయ్యవు. వీటిలో కామన్ రైల్ అనే ఏర్పాటు ఉంటుంది. అసలు డీజిల్‌ని పంపేముందు ఒక చుక్క ముందుగా చిమ్మి వెలిగించి, ఆ తర్వాత మిగతాది పంపుతుంది. భగ్గు చిన్నదైపోతుంది. దీనికి చాలా ఒత్తిడి కావాలి. ఆ పైపుల్లో 1600 బార్, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. మన కారు టైరులో గాలి రెండు బార్ చిల్లర. అంటే దానికి కొన్ని వందల రెట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పని ఉంది.

కాబట్టి "డీజిల్ బండి అలాగే ఉంటుంది" అన్నమాట పూర్తిగా అబద్ధం కాదు. పొద్దున్న స్టార్ట్ చేసిన కొత్తలో కొంచెం గట్టిగా టకటకలాడి, నాలుగు వీధులు తిరిగాక సర్దుకునేది దాని స్వభావం. కానీ నిన్నటిదాకా లేని శబ్దం ఇవాళ వచ్చిందంటే అది స్వభావం కాదు, కబురు.

ఆ కబురు చదవడానికి ప్రశ్నలున్నాయి. ఒక్కటొక్కటిగా వేసుకోవాలి. అన్నీ కలిపేస్తే ఏమీ తేలదు.

మొదటిది, అసలు అది ఇంజిన్లోంచేనా? నవ్వకండి. డిక్కీలో జాకీ, వీల్ స్పానర్ వాటి చోట బిగించి లేకపోతే గతుకుల్లో టకటకలాడతాయి. సీటు కింద దొర్లే స్టీలు వాటర్ బాటిలూ అంతే. పైగా ఆ బాటిల్ దొర్లి బ్రేకు పెడల్ కిందకి చేరిందంటే ప్రాణాల మీదకి వస్తుంది. కాబట్టి ముందు కారు ఖాళీ చెయ్యండి. ఈ పని మనకంటే బాగా ఎవరూ చెయ్యలేరు. బిస్కెట్ పొట్లాలతో సహా బయటికొస్తాయి.

రెండోది, ఆగి ఉన్నప్పుడు వస్తోందా, నడుస్తున్నప్పుడా? నడుస్తున్నప్పుడు, అదీ గుంతల్లోనే వస్తే సస్పెన్షన్ వైపు చూడాలి. బుష్‌లు, లింకులు, షాక్ అబ్జార్బర్లు. అప్పుడు ఇంజిన్‌ని తిట్టి లాభం లేదు. బండి ఆగి, ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా వస్తే ఇంజిన్ మీదో, దాన్ని అంటిపెట్టుకున్న వాటి మీదో అనుమానం. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే శబ్దం కూడా వేగం అందుకుంటే ఆ అనుమానం గట్టిపడుతుంది.

మూడోది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు గలగలమని ఆగిపోతే టైమింగ్ చైను దగ్గరికో, వాల్వుల దగ్గరికో ఆయిల్ చేరడానికి ఆలస్యమవుతూ ఉండొచ్చు. ఆయిల్ మట్టం, మార్చిన తారీఖు ముందు చూడాలి. వేడెక్కాక మొదలయ్యేది వేరే కథ.

నాలుగోది, క్లచ్ తొక్కితే మారుతోందా? మారితే ఇంజిన్ కన్నా క్లచ్ బేరింగు, ఫ్లైవీల్ వైపు చూడాలి. అయిదోది, ఏసీ వేస్తే వస్తోందా? ఆరోది, ఎత్తెక్కేటప్పుడు, అయిదుగురం సామాన్లతో కూర్చున్నప్పుడు ఎక్కువవుతోందా? ఏడోది, డీజిల్ కొట్టించిన వెంటనే మొదలైందా? డీజిల్లో నీళ్ళు కలిసినా, ఫిల్టర్ మార్చినప్పుడు పైపులోకి గాలి చొరబడినా ఇంజిన్ గతి తప్పి టకటకలాడుతుంది. బంకు రసీదు దాచుకోవడం అందుకే మంచిది.

బీఎస్-6 కార్లున్నవాళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త డీజిల్ కార్లన్నీ ఈ ప్రమాణం ప్రకారమే వస్తున్నాయి. వీటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజినే అదనంగా డీజిల్ పంపి ఆ మసిని కాల్చేస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లకి ఒకసారి, పది ఇరవై నిమిషాలపాటు జరుగుతుంది. ఆ సమయంలో ఇంజిన్ మోత మారుతుంది, బండి ఆపినా ముందు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఇది జబ్బు కాదు. కానీ స్కూలుకి రెండు కిలోమీటర్లు, కూరగాయలకి కిలోమీటరు తప్ప బండి బయటికి తియ్యని ఇళ్ళలో ఈ కాల్చుడు మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది. మిగిలిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. పలచబడ్డ ఆయిల్ ఇంజిన్‌ని కాపాడలేదు. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి డీజిల్ కారు అవసరమా అన్నది షోరూములో ఎవరూ అడగని ప్రశ్న. కొనేముందు ఇంట్లో మనమే అడగాలి.

ఇవన్నీ పుస్తకం మాటల్లా ఉన్నాయా? మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది ఎనిమిదేళ్ళ డీజిల్ కారు. విజయవాడ ట్రాఫిక్‌లో అప్పుడప్పుడూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముందు నుంచి టక్ టక్ టక్‌మని మొద్దు శబ్దం వచ్చేది. కాసేపుండి పోయేది. మావారు రెండుసార్లు షెడ్డుకి తీసుకెళ్ళారు. రెండుసార్లూ అక్కడ బండి బుద్ధిమంతుడిలా నిలబడింది. "ఏమీ లేదు సార్" అన్నారు. మూడోసారి మాత్రం "ఇంజెక్టర్లు పోయుంటాయి, నాలుగూ మార్చేద్దాం" అన్నారు. అరవై వేల పైమాట. అది మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల. హైవే మీద ఆగిపోతే ఎలా అన్న భయం ఒక పక్క, ఫీజు ఒక పక్క. మావారు ఇంజెక్టర్లకే మొగ్గారు. తప్పు పట్టను, కుటుంబంతో రోడ్డెక్కే మనిషికి ఆ భయం ఉంటుంది.

నేను మూడు వారాలు గడువడిగాను. పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీసి, శబ్దం వచ్చిన ప్రతిసారీ రాశాను. తారీఖు, బయల్దేరి ఎంతసేపయింది, ఆగి ఉందా నడుస్తోందా, ఏసీ ఉందా లేదా, ఎంతమందిమి ఉన్నాం, ఏం చేస్తే ఆగింది. శబ్దం రాని ప్రయాణాలు కూడా రాశాను. ఈ చివరిది ముఖ్యం. రానప్పుడు ఏముందో తెలియకపోతే వచ్చినప్పుడు ఏముందో తెలిసీ ఉపయోగం లేదు.

మూడు వారాల్లో శబ్దం పదకొండుసార్లు వచ్చింది. అన్నిసార్లూ ఇంజిన్ వేడెక్కాకే, బండి ఆగి ఉన్నప్పుడే. రాని ప్రయాణాల పక్కన చూస్తే చాలాచోట్ల ఒకటే మాట, "అత్తయ్యగారు ఉన్నారు". ఆవిడకి చలి. కారెక్కగానే "ఆ ఏసీ ఆపించవే అమ్మాయ్, మోకాళ్ళు లాగేస్తున్నాయి" అంటారు. అంటే అత్తయ్యగారుంటే ఏసీ లేదు, ఏసీ లేకపోతే శబ్దం లేదు.

ఆ సాయంత్రం మా అపార్టుమెంటు కింద బండి స్టార్ట్ చేసి ఉంచమన్నాను. ఏసీ ఆపి అయిదు నిమిషాలు, శబ్దం లేదు. ఏసీ వేశాం. కంప్రెసర్ క్లిక్‌మని అందుకోగానే టక్ టక్ మొదలు. ఆపితే మాయం. అయిదుసార్లు వేసి ఆపాం, అయిదుసార్లూ అంతే. మావారు నావైపు చూసి "షెడ్డులో బానెట్ ఎత్తేముందు ఏసీ ఆపించేవాడు" అన్నారు. ఇంజిన్ శబ్దం బాగా వినపడాలని ఆపించేవాడన్నమాట. దాంతో అసలు శబ్దమే రాలేదు.

పుస్తకం తీసుకుని ఈసారి వేరే మెకానిక్ దగ్గరికి, పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. నేను చదువుతుంటే ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. తర్వాత ఏసీ వేయించారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస కంప్రెసర్‌కి, బెల్టు పక్కన ఇంకోదానికి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, డాక్టరు గారి స్టెతస్కోపులా. "ఇక్కడ కాదమ్మా" అన్నారు. మావారిని బ్రేకు గట్టిగా తొక్కి, ఒకసారి ఫస్టు గేరులో, ఒకసారి రివర్సులో క్లచ్ కొద్దికొద్దిగా వదలమన్నారు. బానెట్ కింద ఇంజిన్ ఒక పక్కకి ఉయ్యాలలా ఒరగడం నాక్కూడా కనిపించింది. ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, మౌంటింగ్ అంటారు, చినిగిపోయింది. ఏసీ బరువు పడగానే ఇంజిన్ ఊగి, ఇనుముకి ఇనుము తగులుతోంది. కొత్తది వేయడానికి కూలీతో కలిపి అయిదు వేల లోపే అయింది. ఇంజెక్టర్లు ఇప్పటికీ పాతవే.

మొదటి షెడ్డు అతన్ని మోసగాడని నేను అనను. వయసైన డీజిల్ బండిలో టకటక అంటే ఇంజెక్టర్ అనుకోవడం అనుభవంలోంచి వచ్చిన మాటే. ఒక ఇంజెక్టర్ సరిగా చిమ్మకపోతే ఆ సిలిండర్ నిజంగానే మోత చేస్తుంది. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక సిలిండర్ 400 సార్లు మండుతుంది, అంటే సెకనుకి ఆరేడు దెబ్బలు, ఒకే లయలో. అతనికి లేనిదల్లా సాక్ష్యం. అది మా దగ్గరుంది, అతనికి చేరలేదు. నా పేచీ అంతా అక్కడే.

"ఇప్పుడన్నీ కంప్యూటరే చెప్తుంది కదా, మీ పుస్తకమెందుకు?" అని మా తమ్ముడు వెక్కిరించాడు. స్కానరు మంచిదే. కానీ సెన్సరు ఉన్నచోటి సంగతే అది చెప్పగలదు. చినిగిన రబ్బరుకి సెన్సరు లేదు. వదులైన రేకుకి లేదు. డిక్కీలో జాకీకి అసలే లేదు. "డ్రైవ్ చేసేవాళ్ళకే బాగా తెలుస్తుంది" అన్నది ఇంకో మాట. డ్రైవ్ చేసేవాళ్ళ కళ్ళూ మనసూ రోడ్డు మీద ఉంటాయి, ఉండాలి కూడా. పైగా నెలనెలా కొంచెం కొంచెం పెరిగే శబ్దం రోజూ నడిపేవాళ్ళకి అలవాటైపోతుంది. వారానికోసారి ఎక్కేవాళ్ళకి కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. మనలో డ్రైవ్ చేసేవాళ్ళకీ ఇదే సలహా, పక్కన కూర్చున్నవాళ్ళని అడగండి, పిల్లలనైనా సరే.

"ఆడవాళ్ళు లేనిపోనివి వింటారు" అనేవాళ్ళకి కూడా పుస్తకమే మందు. లేనిపోనిదైతే రాతలో పట్టుబడుతుంది, ఒక వరస కనపడదు. ఉన్నదైతే వరస దానంతటదే బయటపడుతుంది. ఒకసారి నోటితో అంటే చాదస్తం. పదకొండుసార్లు తారీఖు వేసి రాస్తే సాక్ష్యం. కారుకే కాదు, నాన్నగారికి వచ్చి పోయే కళ్ళు తిరగడానికీ, పిల్లకి సోమవారాలే వచ్చే తలనొప్పికీ ఇదే దారి. మన మాట ఇంట్లో తేలికైపోయిందని బాధపడే బదులు దానికి బరువు పెట్టే పద్ధతి ఇది.

సరే, మెకానిక్ ఒక భాగం మార్చాలన్నాడు. డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి. "అదేనని ఎలా తెలిసింది?" కోపంగా కాదు, మామూలుగా. ఇంజెక్టర్ అంటే, నాలుగిట్లో ఏది? వెనక్కి వచ్చే డీజిల్‌ని ఒక్కో ఇంజెక్టర్‌కి ఒక్కో చిన్న సీసా తగిలించి కొలిచే పరీక్ష ఉంది. అరిగినదాని సీసా మిగతావాటికన్నా ముందు నిండుతుంది. అది చేశారా? స్కానరుతో ఒక్కో సిలిండర్‌ని కాసేపు ఆపి, ఏది ఆపితే టకటక పోతుందో చూశారా? ఈ పరీక్షలు చేసే షెడ్డు అయితే ఈ ప్రశ్నకి సంతోషంగా జవాబు చెప్తుంది. విసుక్కుంటే ఇంకో షెడ్డు చూసుకోవచ్చు. మార్చిన పాత భాగం చూపించమనండి. చాలా కార్లలో కొత్త ఇంజెక్టర్ వేశాక దాని నంబరు కారు కంప్యూటర్లో ఎక్కించాలి. అది కూడా అయిందా అని అడగండి.

రాస్తూ కూర్చోకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. శబ్దంతోపాటు మీటర్ల దగ్గర ఎర్రగా నూనె డబ్బా బొమ్మ వెలిగిందంటే పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపెయ్యాలి. "వచ్చే ఊళ్ళో చూద్దాం" అనకూడదు. ఇంజిన్ లోపల ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని దాని అర్థం. అలాగే అడుగునుంచి దభీ దభీమని బరువైన దెబ్బలు, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంటే లోపల బేరింగులు అరిగి ఉండొచ్చు. ఆ బండిని నడపకుండా లాగించుకెళ్ళడమే చవక. ఫిల్టర్లో నీళ్ళున్నాయన్న దీపం వెలిగినా, డీజిల్ కొట్టించిన గంటలోనే టకటకా పొగా మొదలైనా ఆపి చూపించాలి.

ఇక ఆ 1600 బార్ సంగతి. పాత డీజిల్ బళ్ళలో ఇంజిన్ తిరుగుతుండగానే ఒక్కో పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మోత చేస్తోందో చూసేవారు. కామన్ రైల్ బండిలో ఎవరైనా అలా చెయ్యబోతే వద్దనండి. ఆ ఒత్తిడిలో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మనం కూడా బానెట్ ఎత్తి వినాలనుకుంటే కొంగు దోపుకుని, చున్నీ తీసి, జడ ముడేసుకుని దూరంగా నిలబడాలి. రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టొచ్చు. మన పని వినడం, రాయడం, అడగడం. విప్పడం పనివాళ్ళది.

ఇంకో చిన్న మాట. శబ్దం వచ్చినప్పుడు ఫోన్లో రికార్డు చేయండి, ఆర్‌పీఎమ్ ముల్లు కూడా కనపడేలా. అయితే నడిపేవాళ్ళ చేత కాదు, పక్కన కూర్చున్నవాళ్ళు తియ్యాలి. ఫోన్లో అసలు శబ్దం మొత్తం రాకపోవచ్చు కానీ, లయ వస్తుంది. లయ చాలు, తెలిసినవాడు పట్టుకుంటాడు.

కారు మీద ఖర్చు ఇంట్లో అందరిదీ. వాయిదాలు కట్టేటప్పుడు చీరలు తగ్గించుకున్నది మనమే, ఊరి ప్రయాణాలకి పులిహోర కట్టుకుని వెనక సీట్లో కూర్చునేదీ మనమే. అలాంటప్పుడు అది చేసే శబ్దం గురించి మాట్లాడే హక్కు కొత్తగా ఎవరో ఇవ్వక్కర్లేదు. కారు డ్యాష్‌బోర్డు అరలో పది రూపాయల పుస్తకం ఒకటి, దానికి కట్టిన పెన్ను ఒకటి పెట్టుకోండి. ఈసారి టకటక వినపడితే "ఏదో శబ్దమండీ" అనకండి. తారీఖు వేసి, ఏసీ ఉందో లేదో చూసి, రాయండి.